స్లాగ్, గ్లాస్ విస్కాసిటీ కొలవడానికి ఏ పద్ధతి తీసుకోవాలి

హై టెంపరేచర్ విస్కోమీటర్, అంటే కరిగిన పదార్థం విస్కాసిటీని (చిక్కదనాన్ని) కొలిచే మెషీన్, కొనాలి, ఏది మంచిది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తా. మీ మెల్ట్ (కరిగిన పదార్థం) విస్కాసిటీ సుమారుగా ఎంత ఉంటుంది? వేడి మీద ఉన్నప్పుడు అది దేన్ని తినేస్తుంది? ఈ రెండూ తేల్చుకోకుండా కేటలాగ్ తెరిస్తే 1700 డిగ్రీల దాకా వెళ్తుంది, సాఫ్ట్‌వేర్ బాగుంది, టచ్ స్క్రీన్ ఉంది ఇలాంటివే కళ్ళకి కనిపిస్తాయి, తీరా మెషీన్ వచ్చి బిగించాక మన స్లాగ్‌కి (లోహం తీసేటప్పుడో, బొగ్గు కాలేటప్పుడో కరిగి మిగిలే మడ్డి) టార్క్ (తిప్పే బలం) రీడింగ్ ఫుల్ స్కేల్‌లో 3 శాతం కూడా రాదు.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. స్లాగ్ అయితే మీ ఎంపికని నిర్ణయించేది క్రూసిబుల్ (మెల్ట్ ఉంచే గిన్నె), దాని చుట్టూ ఉండే గ్యాస్. గ్లాస్ అయితే రేంజ్, టెంపరేచర్ కంట్రోల్. మెషీన్ బ్రాండ్ రెండింట్లోనూ ఆ తర్వాతే.

గ్లాస్‌లో రేంజ్ ఎంత పెద్దదో అంకెల్లో చూస్తే గానీ తెలీదు. కరిగించే టెంపరేచర్ దగ్గర దాదాపు 10 పాస్కల్ సెకండ్లు, అంటే మామూలు తేనె ఉన్నంత చిక్కన. అచ్చుల్లో పోసి ఆకారం ఇచ్చే వర్కింగ్ పాయింట్ దగ్గర 10^3. గ్లాస్ తన బరువుకే సాగే లిటిల్‌టన్ సాఫ్టెనింగ్ పాయింట్ దగ్గర 10^6.6, లోపలి ఒత్తిళ్ళు నిమిషాల్లో పోయే ఎనీలింగ్ పాయింట్ దగ్గర 10^12, అవే పోవడానికి గంటలు పట్టే స్ట్రెయిన్ పాయింట్ దగ్గర 10^13.5. మొత్తం పన్నెండు దశకాల (ఒక దశకం అంటే పది రెట్లు) పైమాటే, ఇదంతా ఒకే మెషీన్‌తో కొలుస్తాం అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఇంకో మాట, పాత పేపర్లు, పాత డేటా షీట్లు అన్నీ పాయిజ్‌లో ఉంటాయి, 10 పాయిజ్ ఒక పాస్కల్ సెకండ్, అందుకే వాటిల్లో సాఫ్టెనింగ్ 10^7.6 అని, ఎనీలింగ్ 10^13 అని కనిపిస్తుంది. రెండూ కలిపేసి గ్రాఫ్ గీసినవాళ్ళు చాలామందే ఉన్నారు, సరిగ్గా ఒక దశకం తేడా వచ్చిందంటే ముందు ఇదే చూడండి.

స్లాగ్‌కి ఈ బాధ లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ 1500 డిగ్రీల దగ్గర సున్నా పాయింట్ ఎంతో పాస్కల్ సెకండ్లు ఉంటుంది, కంటిన్యువస్ కాస్టింగ్‌లో (కరిగిన స్టీల్‌ని ఆగకుండా అచ్చులో పోసే పద్ధతి) అచ్చులో చల్లే మౌల్డ్ పౌడర్ 1300 దగ్గర ఇంకా పల్చగా ఉంటుంది, కోల్ గ్యాసిఫయర్ (బొగ్గుని గ్యాస్‌గా మార్చే కొలిమి) స్లాగ్ అయితే ధారగా బయటికి రావాలంటే 25 పాస్కల్ సెకండ్ల లోపు ఉండాలని డిజైన్ వాళ్ళు లెక్క పెట్టుకుంటారు. అంటే రెండు మూడు దశకాలు, ఒక రొటేషనల్ విస్కోమీటర్‌తో పని అయిపోతుంది. కష్టమంతా కెమిస్ట్రీలో ఉంది.

రొటేషనల్ విస్కోమీటర్

ఎక్కువమంది చివరికి దీని దగ్గరికే వస్తారు, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తా. క్రూసిబుల్‌లో మెల్ట్, అందులో మునిగిన స్పిండిల్, తిప్పడానికి ఎంత టార్క్ పట్టిందో కొలవడం, అంతే. స్పిండిల్ తిరిగితే సియర్ల్ రకం, క్రూసిబుల్ తిరిగి స్పిండిల్ కదలకుండా ఉంటే కూయెట్ రకం. పల్చటి మెల్ట్‌లో లోపలి సిలిండర్‌ని స్పీడ్‌గా తిప్పితే టేలర్ సుడులు పుట్టి టార్క్ ఎక్కువ చూపిస్తుంది, ఆ ఇబ్బంది కూయెట్ రకంలో తక్కువ. కానీ వేడి క్రూసిబుల్‌ని అడ్డంగా ఊగకుండా తిప్పడం మెకానికల్‌గా కష్టం, అందుకే మార్కెట్‌లో దొరికేవాటిల్లో సియర్ల్ రకమే ఎక్కువ.

కొనేముందు చేయాల్సిన లెక్క ఒకటుంది, కాగితం మీద పది నిమిషాల పని. స్పిండిల్ రేడియస్ 6 మిల్లీమీటర్లు, పొడవు 20, క్రూసిబుల్ లోపలి రేడియస్ 20 అనుకోండి. 0.3 పాస్కల్ సెకండ్ల స్లాగ్‌లో 60 ఆర్‌పీఎం మీద తిప్పితే వచ్చే టార్క్ దాదాపు 0.019 మిల్లీన్యూటన్ మీటర్లు, ఎండ్ ఎఫెక్ట్స్ (స్పిండిల్ కొసల దగ్గర వచ్చే అదనపు టార్క్) పక్కన పెడితే. బ్రూక్‌ఫీల్డ్ కంపెనీ విస్కోమీటర్లలో టార్క్ కొలిచే హెడ్‌లు చూస్తే, ఎల్‌వీ హెడ్ ఫుల్ స్కేల్ 0.067, ఆర్‌వీ హెడ్ 0.72, హెచ్‌బీ హెడ్ 5.75. అంటే ఎల్‌వీ మీద 28 శాతం రీడింగ్, సుఖంగా పనిచేసుకోవచ్చు, ఆర్‌వీ మీద 2.6 శాతం, హెచ్‌బీ మీద అయితే నాయిస్ తప్ప ఏమీ కనపడదు. అదే స్పిండిల్‌తో 100 పాస్కల్ సెకండ్ల గ్లాస్ పెడితే 6 ఆర్‌పీఎం దగ్గరే 0.62 వస్తుంది, అక్కడ ఆర్‌వీ సరిగ్గా సరిపోతుంది, ఎల్‌వీ కావాలంటే 0.6 ఆర్‌పీఎంకి దిగాలి. కాబట్టి గ్లాస్ ల్యాబ్‌లో బాగా పనిచేస్తోంది కదా అని అదే మోడల్ స్లాగ్ ల్యాబ్‌కి ఆర్డర్ పెట్టేయడం తప్పు. రెండూ కొలవాలంటే హెడ్ మార్చుకునే వీలున్నదో, లేదా రెండు సైజుల స్పిండిల్స్‌తో టార్క్ రేంజ్ పెద్దగా ఉండే రియోమీటరో (విస్కోమీటర్ కంటే సున్నితమైన మెషీన్) చూసుకోండి. రియోమీటర్ బేరింగ్ ఎయిర్ బేరింగ్ అయితే చిన్న టార్క్‌లు బాగా చదువుతుంది, కాకపోతే ఫర్నేస్ వేడి పైకి రాకుండా కూలింగ్ గట్టిగా ఉండాలి.

ఇంక క్రూసిబుల్ సంగతి. గ్లాస్ వాళ్ళకి ప్లాటినం-రోడియం, గాలిలోనే, పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఖరీదు తప్ప. ఐరన్ ఆక్సైడ్ ఉన్న స్లాగ్ వచ్చేసరికి కథ మారిపోతుంది. రెడ్యూసింగ్ (ఆక్సిజన్ లాగేసే) గ్యాస్‌లో ప్లాటినం పెడితే ఇనుము ప్లాటినంలోకి కరిగి అల్లాయ్ అయిపోతుంది, స్లాగ్‌లో ఐరన్ తగ్గుతుంది, క్రూసిబుల్ పాడవుతుంది, రెండు నష్టాలు ఒకేసారి. సరే గాలిలో కొలుద్దాం అంటే కాపర్ స్మెల్టర్ స్లాగ్ లాంటిది ఆక్సిడైజ్ అయి మాగ్నెటైట్ (ఒక ఐరన్ ఆక్సైడ్) క్రిస్టల్స్ పడతాయి, అప్పుడు మీరు కొలిచేది వేరే స్లాగ్. ఫాస్ఫరస్, సల్ఫైడ్, లెడ్ మెటల్ రూపంలో తగిలినా ప్లాటినం బతకదు.

ఫయలైట్ టైప్ (ఐరన్ సిలికేట్) స్లాగ్‌లకి నేను చెప్పేది ఇనుప క్రూసిబుల్, ఇనుప స్పిండిల్, ఆర్గాన్ గ్యాస్. స్లాగ్ ఎలాగూ ఇనుముతో ఈక్విలిబ్రియమ్‌లో ఉంటుంది కాబట్టి ఆక్సిడేషన్ స్థితి దానంతట అదే ఫిక్స్ అవుతుంది. ఇనుము 1538కి కరుగుతుంది కాబట్టి 1200 నుంచి 1350 మధ్య కొలిచే ఈ స్లాగ్‌లకి నిశ్చింతగా సరిపోతుంది, స్టీల్ స్లాగ్ టెంపరేచర్లకి మాత్రం పనికిరాదు.

మాలిబ్డినం బాగుంటుంది, బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్, గ్యాసిఫయర్ స్లాగ్ రెండింటికీ వాడతారు, కానీ దానికి ఆర్గాన్‌లో కొంచెం హైడ్రోజన్ లాంటి ఏర్పాటు ఉండాల్సిందే, వేడి మీద గాలి తగిలిందంటే దాని ఆక్సైడ్ తెల్లటి పొగలా ఆవిరైపోతుంది, స్పిండిల్ సన్నబడిపోతుంది, స్పిండిల్ సన్నబడితే విస్కాసిటీ తగ్గినట్టు చూపిస్తుంది, మీరేమో స్లాగ్ పల్చబడింది అనుకుంటారు. ఫర్నేస్ ట్యూబ్ సీల్స్ లీక్ లేకుండా ఉంటేనే మాలిబ్డినం వైపు వెళ్ళండి.

గ్రాఫైట్ చవక, కావలసిన షేప్‌లో లేత్ మీద తిప్పుకోవచ్చు. ఐరన్ ఆక్సైడ్ దాదాపు లేని స్లాగ్‌కి ఓకే. ఐరన్ ఆక్సైడ్ ఉంటే కార్బన్ దాన్ని రెడ్యూస్ చేసేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ బుడగలు వచ్చి టార్క్ గ్రాఫ్ రంపపు పళ్ళలా అవుతుంది, చల్లారాక క్రూసిబుల్ పగలగొడితే అడుగున చిన్న చిన్న ఇనుప పూసలు దొరుకుతాయి. ఆ పూసలు కనపడ్డాయంటే ఆ రన్ డేటా పక్కన పడేయండి, కరెక్షన్లు వేసి బతికించే ప్రయత్నం చేయొద్దు. సోడియం ఎక్కువున్న మౌల్డ్ పౌడర్‌లో ఇంకో గొడవ, సోడియం ఆక్సైడ్ కూడా కార్బన్‌తో రెడ్యూస్ అయి ఆవిరైపోతుంది. అల్యూమినా, మెగ్నీషియా క్రూసిబుల్స్ అయితే స్లాగ్‌లోకే కరుగుతాయి. అల్యూమినా నాలుగైదు శాతం పెరిగిందంటే విస్కాసిటీ మారిపోయినట్టే, కాబట్టి అవి వాడితే రన్ అయ్యాక స్లాగ్‌ని కచ్చితంగా ఎనాలిసిస్‌కి పంపాలి. నిజానికి ఏ క్రూసిబుల్ వాడినా పంపాలి, బోరాన్, ఫ్లోరైడ్, లెడ్, సోడియం ఇవన్నీ ఎంతోకొంత ఎగిరిపోయేవే. మొదట వేసిన పొడి కాంపోజిషన్ రాసి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళని నేను పెద్దగా నమ్మను.

ఇంకోటి, ఆర్గాన్ పెట్టాం కాబట్టి న్యూట్రల్ అని చాలామంది అనుకుంటారు. మామూలు సిలిండర్ ఆర్గాన్‌లో పీపీఎం లెవెల్లో ఆక్సిజన్ ఉంటుంది, ఐరన్ ఉన్న స్లాగ్‌కి అది తక్కువేం కాదు. ఆక్సిజన్ పొటెన్షియల్ (గ్యాస్‌కి ఆక్సిడైజ్ చేసే బలం ఎంతుందో అది) నిజంగా కంట్రోల్ చేయాలంటే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కలిపి పంపాలి, దానికి గ్యాస్ డిటెక్టర్, ఎగ్జాస్ట్ అన్నీ పక్కాగా ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ విషం.

క్యాలిబ్రేషన్ మామూలుగా గది వేడిలో సిలికోన్ ఆయిల్‌తో మొదలుపెడతారు, మంచిదే, స్పిండిల్ జామెట్రీ తెలుస్తుంది. అయితే ప్లాటినం స్పిండిల్ 1400 డిగ్రీలకి పొడవులో దాదాపు ఒకటిన్నర శాతం సాగుతుంది, క్రూసిబుల్ కూడా అదే లోహం అయితే ఇన్‌స్ట్రుమెంట్ కాన్‌స్టంట్ (టార్క్‌ని విస్కాసిటీగా మార్చే నంబర్) సైజు క్యూబ్‌తో మారుతుంది కాబట్టి 4 శాతం పైన తేడా. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది వేసే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసి ఉండదు. ఆయిల్ తర్వాత వేడి మీద కూడా తెలిసిన గ్లాస్ ఒకటి కొలిచి చూసుకోవాలి, అమెరికా స్టాండర్డ్స్ సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ళ రిఫరెన్స్ గ్లాస్‌లు ఎస్ఆర్ఎం 710ఏ సోడా-లైమ్, 717ఏ బోరోసిలికేట్, లేకపోతే జర్మన్ గ్లాస్ సొసైటీ వాళ్ళ డీజీజీ స్టాండర్డ్ గ్లాస్ అందుకే ఉన్నాయి. స్లాగ్ మాత్రమే కొలిచేవాళ్ళు మాకెందుకు గ్లాస్ అనుకోవద్దు, వేడి మీద మీ మెషీన్ నిజం చెప్తోందా లేదా తేల్చేది అదే.

ప్రతి టెంపరేచర్ దగ్గర కనీసం మూడు స్పీడ్లలో కొలవండి. మూడింట్లో ఒకే విస్కాసిటీ వస్తే మెల్ట్ శుభ్రంగా ఉన్నట్టు. స్పీడ్ పెంచితే విస్కాసిటీ తగ్గుతుంటే క్రిస్టల్స్ పడ్డట్టే, పెరుగుతుంటే సుడులు మొదలైనట్టు. స్లాగ్‌ని చల్లారుస్తూ కొలిచేటప్పుడు ఒక చోట గ్రాఫ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, మౌల్డ్ పౌడర్ వాళ్ళు దాన్ని బ్రేక్ టెంపరేచర్ అంటారు. అది మెటీరియల్‌కి ఉండే స్థిరమైన నంబర్ కాదు, ఎంత స్పీడ్‌గా చల్లార్చారు, స్పిండిల్ ఏంటి అనేదాన్ని బట్టి జరుగుతుంది. ఇద్దరు సప్లయర్ల పౌడర్లు పోల్చాలంటే ఇద్దరివీ ఒకే ల్యాబ్‌లో, ఒకే కూలింగ్ రేట్‌తో చేయించండి, వాళ్ళ వాళ్ళ డేటా షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

ఇదంతా జాగ్రత్తగా చేశాక స్లాగ్‌లో 10 శాతం లోపు అనిశ్చితి వస్తే మంచి కొలత కిందే లెక్క. 2 శాతం అని రాసిచ్చేవాళ్ళని ఐరన్ ఉన్న స్లాగ్ మీద రిపీట్ చేసి చూపించమనండి.

మరీ పల్చటివైతే

0.05 పాస్కల్ సెకండ్ల కిందకి వెళ్తే, ఫ్లోరైడ్ మెల్ట్స్, కరిగిన లోహాలు లాంటివి, రొటేషనల్‌తో కుస్తీ పట్టొద్దు. ఆసిలేటింగ్ పద్ధతులు వాడాలి. ఆసిలేటింగ్ కప్‌లో మెల్ట్ ఉన్న గిన్నెని సన్నటి తీగకి వేలాడదీసి మెలితిప్పి వదిలేస్తారు, ఊపు ఎంత త్వరగా చచ్చిపోతుందో దాన్నిబట్టి విస్కాసిటీ. లోహాలకి ఇదే స్టాండర్డ్. ఆసిలేటింగ్ ప్లేట్ స్లాగ్‌లకి కూడా కొందరు వాడతారు, కానీ అందులో డెన్సిటీ తెలియాలి. స్లాగ్ రొటీన్ టెస్టింగ్‌కి ఈ రెండూ అక్కర్లేదనే నా లెక్క.

ఫాలింగ్ బాల్ గురించి అడుగుతుంటారు, చూడటానికి సింపుల్ కదా అని. 5 మిల్లీమీటర్ల రేడియస్ ప్లాటినం గుండు 1000 పాస్కల్ సెకండ్ల గ్లాస్‌లో సెకనుకి దాదాపు ఒక మిల్లీమీటర్ దిగుతుంది, గోడల ఎఫెక్ట్ కరెక్షన్ వేసుకుంటే చక్కగా కొలవచ్చు. అదే గుండు 0.3 ఉన్న స్లాగ్‌లో వేస్తే స్టోక్స్ ఫార్ములా ప్రకారం సెకనుకి మూడు మీటర్లకి పైన వస్తుంది, ఆ స్పీడ్ దగ్గర ఆ ఫార్ములానే పనిచేయదు. స్లాగ్‌కి వద్దు. గ్లాస్ వర్కింగ్ పాయింట్ ఒక్కటే కావాలంటే గ్లాస్ విస్కాసిటీకి ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 7884లో ఐదో భాగం సింకింగ్ బార్ ఉంది, ప్లాటినం-రోడియం కడ్డీ మెల్ట్‌లోకి ఎంత స్పీడ్‌లో దిగుతుందో చూడటం.

గ్లాస్ గట్టిపడే వైపు

10^4 దాటాక స్పిండిల్ తిరగడం కష్టం, ఇక్కడి నుంచి గ్లాస్‌ని సాగదీయడం, వంచడం, నొక్కడం ఈ మూడే దార్లు. ఈ ఏరియాలో అసలు శత్రువు థర్మోకపుల్, అంటే టెంపరేచర్ కొలిచే సెన్సార్. సోడా-లైమ్ గ్లాస్ కరిగే చోట టెంపరేచర్ ఒక డిగ్రీ తప్పితే విస్కాసిటీలో తప్పు 1 శాతం కూడా ఉండదు. అదే ఎనీలింగ్ పాయింట్ దగ్గర ఒక డిగ్రీకి 10 శాతం దాకా తేడా వస్తుంది, ఎందుకంటే నలభై డిగ్రీల లోపే ఒకటిన్నర దశకం మారిపోతుంది. కాబట్టి ఇక్కడ డబ్బులు ఫోర్స్ సెన్సార్ మీద కాకుండా ఫర్నేస్ యూనిఫార్మిటీ మీద, థర్మోకపుల్ క్యాలిబ్రేషన్ మీద పెట్టండి.

సాఫ్టెనింగ్ పాయింట్ టెస్ట్, ఏఎస్‌టీఎం (అమెరికా టెస్టింగ్ స్టాండర్డ్స్ సంస్థ) సి338, నాకు బాగా ఇష్టమైన టెస్ట్. 0.65 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గ్లాస్ దారం, 235 మిల్లీమీటర్ల పొడవు, పై 100 మిల్లీమీటర్లు మాత్రం చిన్న ఫర్నేస్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి చేస్తారు, దారం తన బరువుకి తనే నిమిషానికి ఒక మిల్లీమీటర్ సాగే టెంపరేచరే సాఫ్టెనింగ్ పాయింట్. ఖర్చు తక్కువ, రిపీట్ బాగా వస్తుంది, ప్లాంట్‌లో రోజువారీ చెకింగ్‌కి ఇంతకంటే ఏం కావాలి. దారం లాగడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి, అదొక్కటే మెలిక. వ్యాసం పై నుంచి కింద దాకా ఒకేలా లేని దారాన్ని మొహమాటం లేకుండా పడేయాలి. మామూలు సోడా-లైమ్‌కి 720, 730 డిగ్రీల దగ్గర వస్తుంది.

ఎనీలింగ్, స్ట్రెయిన్ పాయింట్లకి దారం సాగదీసే సి336, బీమ్ వంచే సి598 రెండూ ఉన్నాయి. దారం లాగలేని గ్లాస్, అంటే లాగేటప్పుడే క్రిస్టల్ పట్టేది, లేదా మీ దగ్గర కోసిన ముక్కే ఉంటే బీమ్ బెండింగ్ తీసుకోండి. చిన్న కడ్డీ కోసి రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో బరువు వేలాడదీస్తారు, ఎంత స్పీడ్‌గా వంగుతుందో చూస్తారు, 10^8 నుంచి 10^13 దాకా బాగా పనిచేస్తుంది. నాకైతే బీమ్ బెండింగే నచ్చుతుంది, దారం లాగడం అనే కళ మీద ఆధారపడక్కర్లేదు. ఒక్క షరతు, తొందర పడొద్దు. గ్లాస్ కొత్త టెంపరేచర్‌కి సర్దుకోవడానికి పట్టే టైమ్ విస్కాసిటీని షియర్ మాడ్యులస్‌తో, అంటే సుమారు 30 గిగాపాస్కల్స్‌తో, భాగిస్తే వస్తుంది. 10^12 దగ్గర అర నిమిషం, 10^13.5 దగ్గర పదిహేడు నిమిషాలు పైన. పూర్తిగా సర్దుకోవాలంటే దానికి చాలా రెట్లు ఆగాలి. స్ట్రెయిన్ పాయింట్ దగ్గర పది నిమిషాలు ఆగి రీడింగ్ తీసుకుంటే మీరు కొలిచేది ఆ గ్లాస్ పాత చరిత్రని. బోరోసిలికేట్‌లలో ఎంతసేపు ఆగినా విస్కాసిటీ మెల్లగా పెరుగుతూనే ఉంటే ఫేజ్ సెపరేషన్ (ఒకే గ్లాస్ లోపల రెండు వేరు గ్లాస్‌లుగా విడిపోవడం) అనుమానించండి.

మధ్యలో 10^5 నుంచి 10^8 దాకా పారలెల్ ప్లేట్ ఉంది. చిన్న బిళ్ళని రెండు పలకల మధ్య నొక్కి ఎత్తు తగ్గే స్పీడ్ కొలవడం. ఆ స్పీడ్ నుంచి విస్కాసిటీ తీసే జెంట్ ఫార్ములా, బిళ్ళ పలకలకి అతుక్కుని ఉంటుందని అనుకుంటుంది. టెస్ట్ అయ్యాక బిళ్ళని పక్క నుంచి చూడండి, నడుం ఉబ్బి పీపాలా ఉంటే అతుక్కున్నట్టు, ఫార్ములా సరే. పక్కలు నిటారుగా ఉండి మొత్తం వెడల్పయి ఉంటే జారిపోయినట్టు, ఆ నంబర్ ఆ ఫార్ములాతో తీసుకోకూడదు. ఇంతకీ ఈ మధ్య రేంజ్ చాలా గ్లాస్‌లకి క్రిస్టల్ పట్టే టెంపరేచర్లలోనే పడుతుంది, కొన్నిటికి అసలు కొలవనివ్వదు.

అందుకే ఒక గ్లాస్ ల్యాబ్ కొత్తగా మొదలుపెడుతుంటే నా సలహా రొటేషనల్ ఒకటి, లిటిల్‌టన్ సెటప్ (దారంతో చేసే సాఫ్టెనింగ్ టెస్ట్) ఒకటి, బీమ్ బెండింగ్ ఒకటి. మధ్యలో ఖాళీని, టెంపరేచర్‌తో విస్కాసిటీ ఎలా మారుతుందో చెప్పే విఎఫ్‌టీ ఈక్వేషన్‌తో కలపొచ్చు, వోగెల్ 1921లో, ఫుల్చర్ 1925లో, టామన్ 1926లో ఇచ్చిన రూపం, మూడే కాన్‌స్టంట్లు. వేడి వైపు నాలుగైదు పాయింట్లు, సాఫ్టెనింగ్ ఒకటి, చల్లటి వైపు రెండు ఉంటే చాలు. వేడి వైపు పాయింట్లే పెట్టుకుని ఎనీలింగ్ దాకా గీత పొడిగించడం మాత్రం వద్దు, పదుల డిగ్రీలు తప్పొచ్చు.

లెక్కేస్తే సరిపోదా

అసలు కొలవడమెందుకు, కాంపోజిషన్ ఇస్తే విస్కాసిటీ చెప్పే మోడల్స్ ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, స్లాగ్‌కి అర్బేన్, మౌల్డ్ పౌడర్‌కి రిబూ, రెండూ 1981వి, సోడా-లైమ్ లాంటి గ్లాస్‌లకి లకటోష్, ఇంకా ఫ్యాక్ట్‌సేజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు. అవి ఏ కాంపోజిషన్ల మీద ఫిట్ చేశారో ఆ పరిధిలో బాగా చెప్తాయి, బయటికి వెళ్తే రెండు రెట్లు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు, పైగా అవన్నీ పూర్తిగా కరిగిన ద్రవానికే, క్రిస్టల్ పడ్డాక వాటికి తెలీదు. నేను వాటిని కొనేముందు వాడతా, టార్క్ హెడ్ ఏది, స్పిండిల్ ఎంత లావు, స్పీడ్ ఎంత అని తేల్చుకోవడానికి.

ప్లాంట్‌లో మౌల్డ్ పౌడర్ బ్యాచ్ బాగుందా లేదా అని రోజూ చూడటానికైతే విస్కోమీటర్ కూడా అక్కర్లేదు. నిర్ణీత బరువు పౌడర్ 1300 దగ్గర కరిగించి వాలు పలక మీద పోసి, గడ్డకట్టిన పట్టీ ఎంత పొడవు వచ్చిందో స్కేల్‌తో కొలవడం చాలు. పలక వాలు, పోసే ఎత్తు, పలక వేడి ప్రతిసారీ ఒకటే ఉండాలి, పోసే మనిషి కూడా ఒకడే అయితే ఇంకా మంచిది. దాంట్లో వచ్చిన పొడవుని విస్కాసిటీ నంబర్‌గా మార్చి రిపోర్ట్‌లో రాయకండి, పాత బ్యాచ్ పొడవుతో పోల్చండి, మరీ తేడాగా ఉన్న బ్యాచ్‌ని మాత్రం రొటేషనల్‌కి పంపండి.